కుక్కల గుహ, నాగక్క పాతర

ఎర్రగట్టుపల్లె నాగక్క ఎవరినీ నమ్మేది కాదు. ఇది గిట్టనివాళ్లు పుట్టించిన మాట కాదు, ఆమే గొప్పగా చెప్పుకునేది. పత్తికొండకు పోయి నువ్వుల నూనె కొంటే అరచేతిలో పోయించుకుని వాసన చూసి, నాలుకకు రాసుకుని, అంగడివాని మొహం వంక కాసేపు చూసి, అప్పుడు గానీ చెంబు ముందుకు పెట్టేది కాదు. బస్సు ఎక్కితే టికెట్టు ఇచ్చినవాడి కంటే పక్కన కూర్చున్నవాళ్ల మీదే ఎక్కువ కన్ను వేసేది. యాభై రెండో సంవత్సరంలో మొట్టమొదటిసారి ఓట్లు వచ్చినప్పుడు, తెర చాటుకు పోయిన మనిషి ఎంతకీ బయటికి రాకపోతే ఆఫీసరు తొంగి చూశాడు. నాగక్క ఓటు పెట్టెను ఎత్తి, దానికి అడుగు ఉందో లేదో తడిమి చూస్తోంది.

మరి ఊరికే వచ్చిన అనుమానాలా అవి? మొగుడు పోయిన ఏడే దాయాదులు చేని గట్టు రెండుసార్లు జరిపారు. వడ్డికి ధాన్యం తీసుకున్నవాడు తీసుకోలేదన్నాడు. "నమ్మింటే నేనూ నా కొడుకూ ఈపాటికి యాడనో అడుక్కుతింటాంటిమి" అనేది ఆమె. అబద్ధం కాదు. ఒంటి ఆడమనిషి, ఒక్కడే కొడుకు నరసన్న, చుట్టూ నల్లరేగడి చేలు, ఆ చేల మీద ఊరందరి కళ్లు. ఆమెను నిలబెట్టింది ఆ అనుమానమే.

అటువంటి ఆమె దొడ్లోకి గాబ్రియేలు కూలికి వచ్చాడు.

గాబ్రియేలుది ఊరి పక్క పల్లె, ఊరివాళ్లు అంటరానివాళ్లని దూరం పెట్టిన వాడ. వాళ్ల తాత కాలంలోనే దొరల మతంలో కలిసినవాళ్లు. యుద్ధం రోజుల్లో మిలిటరీలో చేరి ఓడెక్కి ఐగుప్తు పోయి, అక్కడినుంచి ఇటలీ పోయి, యుద్ధం అయిపోయాక ఒక ఇనుపపెట్టె, ఒక బొంత కోటు తెచ్చుకుని మళ్లీ ఈ ఎండలోకే వచ్చిపడ్డాడు. కూలి పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ నోరు ఊరుకోదు. వేరుశనక్కాయలు వలిచేటప్పుడు అతడు మొదలుపెడితే చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల చేతులు ఆగిపోయేవి.

"యెరూషలేముకు పోయినప్పుడు ఒక సముద్రం చూసినాం. ఉప్పు సముద్రమంటారు దాన్ని. దాంట్లో మనిషి మునగడు. నేనే వెల్లకిల పండుకుంటి. బెండు మాదిరి తేల్తాంటి."

నాగక్క జల్లెడ పట్టుకుని ఆ పక్కనే కూర్చునేది. వినడానికి కాదు, కాపలాకు. అలా అని ఆమె అనుకునేది.

"మునగకపోతే చావాలనుకున్నోళ్లు యాడికి పోతార్రా ఆ ఊర్లో?" అని అడిగింది.

గాబ్రియేలు నవ్వాడు. "అది నేను అడగల్యామ్మా."

"అడగాల. ఊరికే తేలొస్తే ఎట్ల?"

ఇంకోరోజు, ఉత్తరాన ఒక దేశముందని, అక్కడ ఎండాకాలం నెలల తరబడి పొద్దే గూకదని చెప్పాడు. నాగక్క జల్లెడ ఆపి, "మరి కూలోళ్లను ఎప్పుడు ఇడుస్తారు?" అంది. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. "నువ్వు చూసినావా?" అని ఆమె గట్టిగా నిలదీస్తే, "ల్యామ్మా, మాతో ఉన్న ఒక దొర చెప్పినాడు" అన్నాడు గాబ్రియేలు. "అయితే అబద్ధం దొరది, మోసింది నువ్వు" అని తేల్చేసింది. ఎగిరే చేపల సంగతి చెబితే, చేపకు రెక్కలొస్తే గద్దకేం పనిరా అంది. చూసినవీ విన్నవీ వేరువేరుగా చెప్పడం గాబ్రియేలుకు అలవాటు. చూసినదాన్ని చూసినానని, విన్నదాన్ని విన్నానని చెప్పేవాడు. ఆ నిజాయితీ కూడా నాగక్కకు అనుమానంగానే తోచింది. నమ్మించడానికి మోసగాళ్లు మొదట అట్లాగే కదా మాట్లాడేది?

ఆమె గమనించింది ఇంకొకటుంది. కథ వింటూ అందరి చేతులూ ఆగిపోతాయి గానీ, చెబుతున్న గాబ్రియేలు చేతులు మాత్రం ఆగవు. వలుస్తూనే ఉంటాయి. అందరి నోళ్లూ తెరిపించి, తన చేతులు మాత్రం ఆడించేవాడు ఏం చేస్తున్నట్టు? ఆ రోజు నుంచి అతడు ఇంటికి పోయేముందు తలగుడ్డ విదిలించి చూపించి పొమ్మనేది. అతడు విదిలించేవాడు. ఒక్క పప్పు కూడా ఎన్నడూ రాలలేదు. రాలకపోయేసరికి, వీడు తలగుడ్డలో కాక ఇంకెక్కడో పెడుతున్నాడని ఆమె అనుమానం ఇంకాస్త ముదిరింది.

అయినా ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, ముంతలో నీళ్లు పోసి, ఉప్పు దండిగా కలిపి, కోడిగుడ్డు ఒకటి అందులో వదిలింది నాగక్క. గుడ్డు తేలింది. ఆమె దాన్ని ముంచింది. మళ్లీ తేలింది. కాసేపు దానివైపే చూసి, గుడ్డు మురిగిపోయినట్టుందని గోడ అవతలికి విసిరేసింది. ఈ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదు.

నరసన్న మాత్రం తల్లిలా కాదు. పందొమ్మిదేళ్లవాడు, గాబ్రియేలు కథలంటే చెవి కోసుకునేవాడు. దున్నేటప్పుడు, బండి తోలేటప్పుడు వాని వెంటే. "వాడు నిన్ను మాటలతో కట్టేస్తాండాడురా. ఒకనాటికి చేను రాసిచ్చి వస్తావు" అని తల్లి గొణుగుతూనే ఉండేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. అంతకు ముందు రెండేళ్లు కూడా అంతంతమాత్రమే. కొర్రలు మొలిచి ఎండాయి, జొన్న మొలవనే లేదు. సర్కారువాళ్లు గంజి పోసే చోట పల్లె జనం పొద్దున్నే చెంబులు పట్టుకుని బారులు తీరేవారు. ఎద్దులకు సొప్ప లేక జనం కొండల మీద బోద గడ్డి కోసుకొచ్చేవారు. నాగక్క ఇంట్లో గాదె అడుగు కనబడింది. ఇక మిగిలింది దొడ్లో ఉన్న పాతర.

ఆ సీమలో జొన్నలు దాచేది పాతర్లలోనే. భూమిలో రెండు నిలువుల లోతు గుంత, పైన మనిషి పట్టేంత ఇరుకు మెడ, లోపల చుట్టూ గడ్డి పేర్చి జొన్నలు పోసి, బండ మూసి మట్టి మెత్తితే ఏళ్ల తరబడి పురుగు ముట్టదు. ఆ పాతర నాగక్క మొగుడు బతికున్నప్పుడు నింపింది. అతడు పోయిన తర్వాత దినాలకు సగం తీసి మళ్లీ మూశారు. అప్పటినుంచి తెరవలేదు. తినడానికీ విత్తడానికీ ఇప్పుడు ఆ సగమే దిక్కు.

పాతర తెరవడానికి ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే బండ తీసి, మధ్యాహ్నం దాకా గాలికి వదులుతారు. ఆ తర్వాత ఇంటి దేవుని గూట్లో వెలిగించిన దీపాన్ని మూకుట్లో పెట్టి, తాడు కట్టి లోపలికి దింపుతారు. దీపం ఆరకపోతే మనిషి దిగొచ్చు. ఆరితే పాతర ఇంకా 'మనిషిని అడుగుతోంది' అని ఆగుతారు. ఊళ్లో ఏ పాతర తెరిచినా ఆ దీపం దింపేది పెద్దన్నే. నాగక్క మొగునికి వరసకు అన్న, పెద్ద మనిషి. ఆ తాడుకు ఒక ముడి ఉంటుంది. ముడి మెడ దగ్గరికి రాగానే ఆపేస్తాడు. వాళ్ల తాతలు అంతే దింపారు, ఈయనా అంతే.

ఆ రోజు లోపలికి దిగి గంపలు నింపే పని గాబ్రియేలుదని అనుకున్నారు. పొద్దున బండ జరిపింది కూడా అతడే. ఎండ నడినెత్తికి వచ్చాక పెద్దన్న స్నానం చేసి వచ్చి, దీపం దింపాడు. ముడి మెడ దగ్గర ఆగింది. అందరూ వంగి చూశారు. దీపం నిశ్చలంగా వెలుగుతోంది.

"దిగొచ్చు" అన్నాడు పెద్దన్న.

గాబ్రియేలు మాత్రం దిగలేదు. కాస్త ఎడంగా మోకాళ్ల మీద కూర్చుని లోపలికి తొంగి చూస్తూ, "దీపం జొన్నలకు తగల్యా పెద్దన్నా. ఇది సగం పాతర గదా. ఇంకా కిందికి దింపి చూడండి" అన్నాడు.

పెద్దన్న మొహం గంటు పెట్టుకున్నాడు. "మా తాత దింపినంత నేను దింపినా. నువ్వు దింపుతావా ఇంక?"

గూట్లోంచి వచ్చిన దీపాన్ని పల్లె మనిషి ముట్టుకోవడం ఆ ఊళ్లో ఎన్నడూ జరగలేదు. గాబ్రియేలు నాగక్క వైపు తిరిగి, "రేపు పొద్దునకు దిగుతాను లేమ్మా. ఈ రాత్రికి బండ మూయకుండా ఇడిసిపెడదాం. కింద గాలి పోవాల" అన్నాడు.

నాగక్క గుండెలో గంట కొట్టినట్టయింది. రాత్రంతా పాతర తెరిచి పెట్టాలంట. ఊరంతా గంజికి చెంబులు పట్టుకుని తిరుగుతున్న రోజుల్లో. ఎవరికిరా లాభం?

"ఏంటికి?" అంది, కళ్లు చిన్నవి చేసి.

"ఇటలీ దేశంలో నేపుల్సు అని ఒక పట్నముంది. దాని పక్కన ఒక గుహ ఉండాది. కుక్కల గుహ అంటారు. మనిషి నిలబడి లోపలికి పోయొస్తే ఏం కాదు. అదే కుక్క పోతే నేలకొరుగుతాది. అంటే అక్కడి చెడుగాలి బరువైంది, నీళ్ల మాదిరి కింద నేలకే అంటుకోని ఉంటుంది. మనిషి మొగం పైనుంటాది, కుక్క మొగం కిందుంటాది. పాతర్లో కూడా అంతే అని నాకు..."

"నువ్వు చూసినావా?"

"గుహను చూసినా. కుక్కను చూడల్యా. పాతకాలంలో కుక్కల్ని తోలి చూపిస్తాండ్రంట. ఆ ఊరి ముసలాయన చెప్పినాడు."

అంతే. నాగక్కకు లెక్క తేలిపోయింది. మొదట గుహ, తర్వాత కుక్క, చివరికి పాతర తెరిచి పెట్టి ఇంటికి పోయి పండుకోవడం. ఇన్నేళ్ల కథలన్నీ ఈ ఒక్క రాత్రి కోసమే చెబుతూ వచ్చాడేమో. పల్లెలో ఎంతమందికి చెప్పిపెట్టి వచ్చాడో.

"రేపటిదాకా తెరిచిపెట్టేది ల్యా. ఈ పొద్దే దిగాల. నువ్వు దిగవా?"

"దిగనమ్మా."

"అయితే ఈ పక్కకు రా. నీతో పని ల్యా. నరసన్నా, నువ్వు దిగు."

నరసన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, గాబ్రియేలు చెప్పేది కొంచెం ఇందాం..."

"నువ్వూ వాని మాయలోనే పడితివా? దీపం వెలుగుతాండాది, కనబడల్యా? పెదనాయన చెప్పినా నమ్మవు, వాడు చెప్తే నమ్ముతావు."

పెద్దన్న కూడా ఆమె వైపే తలూపాడు. నరసన్న గాబ్రియేలు మొహం వంక ఒకసారి చూసి, గంప తీసుకుని, నిచ్చెన దిగాడు.

అందరూ మెడ చుట్టూ వంగారు. నరసన్న జొన్నల మీద కాలు ఆనించి నిలబడి తల పైకెత్తాడు. "ఏం కాల్యామ్మా" అని నవ్వాడు. నాగక్క గాబ్రియేలు వైపు తిరిగి, చూసినావా అన్నట్టు చూసింది. అతడు ఆమెను చూడటం లేదు. గంపలు లాగడానికి తెచ్చిన మోకు విప్పుతున్నాడు.

నరసన్న గంప ముందర పెట్టుకుని, రెండు చేతులా జొన్నలు తోడటానికి వంగాడు. వంగినవాడు వంగినట్టే ముందుకు వాలాడు. గంప పక్కకు దొర్లింది.

"లేరా, ఆటలు చాలు" అంది నాగక్క.

నరసన్న కదల్లేదు.

"వాడూ నువ్వూ కూడబలుక్కునిండారు. నాకు తెలుసు. లే నరసన్నా" అంది మళ్లీ. నిచ్చెన పట్టుకుని ఇంకాస్త వంగి చూసింది. కొడుకు మొహం జొన్నల్లో కూరుకుపోయి ఉంది. అలా ఆటలాడేవాడు కాదు వాడు.

పెద్దన్న నిచ్చెన మీద కాలు పెట్టబోయాడు. గాబ్రియేలు అరిచాడు, "దిగొద్దు, నువ్వూ పోతావు." మోకు ఒక కొస తన నడుముకు బిగించుకుని, ఇంకో తాడును ఉచ్చు వేసి చేత్తో పట్టుకున్నాడు. "నేను వంగి లేవకపోతే లాగండి. మీరెవరూ దిగొద్దు. వేపమండలు విరిచి తాడుకు కట్టి పైకి కిందికి ఆడించండి, గాలి కదలాల." ఛాతీ నిండా గాలి పీల్చి నిచ్చెన దిగాడు.

కింద నిలబడ్డంతసేపు తల ఎత్తే ఉంచాడు. ఆ తర్వాత ఒక్కసారి వంగి ఉచ్చును నరసన్న చంకల కింద వేయబోయాడు. చేయి జారింది. కళ్లు బైర్లు కమ్మినట్టు తల పట్టుకుని, నిచ్చెన ఎక్కి మెడ దాకా వచ్చి, నోరు తెరిచి గాలి మింగి, మళ్లీ దిగాడు. నాగక్క ఒడ్డున బోర్లా పడి చూస్తోంది. రెండోసారి ఉచ్చు పడింది. "లాగండి" అన్న కేక వినబడింది. తాడు లాగుతుంటే నరసన్న తల ఒక పక్కకు వేలాడుతూ పైకి వచ్చింది. వెనకనే గాబ్రియేలు వచ్చి నేల మీద కూలబడి, ఒక్క దమ్ము తీసుకున్నాడో లేదో, పాక్కుంటూ నరసన్న దగ్గరికి పోయాడు.

ఎవరూ అడ్డం రాలేదు. పల్లె మనిషి చేయి కాపు బిడ్డ ఒంటి మీద పడుతోందన్న సంగతి ఆ నిమిషాన ఎవరికీ గుర్తులేదు. మిలిటరీలో నేర్చిన మాదిరి అతడు నరసన్నను బోర్లా వేసి వీపు మీద అరచేతులు ఆనించి నొక్కుతున్నాడు. వదులుతున్నాడు. మళ్లీ నొక్కుతున్నాడు. నరసన్న పెదవులు బూడిదరంగులో ఉన్నాయి.

నాగక్క కొడుకు పాదాలు పట్టుకుని కూర్చుంది. అవి చల్లగా ఉన్నాయో, తన చేతులే చల్లబడ్డాయో ఆమెకు తెలియలేదు.

"గాబ్రియేలూ" అంది. "ఆ గుహలో పడిన కుక్క... మళ్లీ లేస్తుండెనా?"

అతడు నొక్కడం ఆపలేదు. "బయటికి తెచ్చి నీళ్లు పోస్తే లేస్తుండెనంటమ్మా."

చూసినావా అని ఆమె అడగలేదు. లేచి బాన దగ్గరికి పరుగెత్తి, కడవెడు నీళ్లు తెచ్చి కొడుకు తల మీద గుమ్మరించింది. ఎవరో ముసలాయన, ఎక్కడో సముద్రాల అవతల, ఎప్పుడో చెప్పిన మాట. అది నిజం కావాలి. ఈ ఒక్కటి నిజమైతే చాలు. ఆ పొద్దు ఆమెకు లోకంలో అంతకు మించి కోరిక లేదు.

నరసన్న దగ్గాడు. జొన్నగింజలు ఉమ్మేశాడు. కళ్లు తెరవకుండానే వాంతి చేసుకున్నాడు. నాగక్క ఆ వాంతిలోనే కూర్చుని వాని తల ఒళ్లోకి లాక్కుని, పెద్దగా ఏడ్చింది.

పొద్దు గూకే వేళకు నరసన్న గంజి తాగి పడుకున్నాడు. గాబ్రియేలు దొడ్డి వాకిట్లో రాతి మీద కూర్చున్నాడు, ఇంకా తల దిమ్మెక్కే ఉంది. నాగక్క బయటికి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. ఆమె ఎవరికీ చేతులెత్తి మొక్కి ఎరగదు. చివరికి ఆమె గొంతులోంచి వచ్చింది కోపమే.

"అంత తెలిసినోనివి, వాడు దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని ఆపకపోయినావా?"

గాబ్రియేలు తలెత్తాడు. అతని మొహంలో కోపం లేదు, అలసట తప్ప.

"చెయ్యి పట్టుకుంటే ఏమందువమ్మా? నోటితో చెప్పినందుకే దొంగను చేస్తివి. నీ కొడుకు మీద చెయ్యి వేసింటే ఈ ఊర్లో నన్ను ఉండనిస్తుంటివా?"

నాగక్క వెనుదిరిగి లోపలికి పోయింది.

ఆ రాత్రి పాతరకు బండ మూయలేదు. మరుసటి రోజు పొద్దున నాగక్క తానే గూట్లో దీపం వెలిగించి, తానే తాడు పట్టుకుని, ముడి దాటించి జొన్నలకు తగిలేదాకా దింపింది. పెద్దన్న చూస్తూ ఊరుకున్నాడు. దీపం ఆరలేదు. గాబ్రియేలు దిగి గంపలు నింపాడు. నాగక్క పైన కూర్చుని ఒక్కో గంప లెక్క పెట్టుకుంది, ఒక గింజ కింద పడితే ఏరుకుంది. మారలేదు ఆమె. ఆ తర్వాత ఊరికి కరెంటు వచ్చినా స్విచ్చి నొక్కి దీపం వైపు కాదు, తీగ వైపు చూసేది. నరసన్నకు పెళ్లయితే కోడలు చేసిన చారు మొదట పిల్లికి పోసేది. గాబ్రియేలు ఎగిరే చేపల గురించి చెబితే, రెక్కలెట్ల మొలుస్తాయిరా అని చివరిదాకా నిలదీస్తూనే ఉండింది.

అతడు ఆ సాయంత్రం వాకిట్లో అన్న మాటను మాత్రం ఒక్కనాడు కూడా అనుమానించలేదు. అది అబద్ధమైతే బాగుండునని మాత్రం, నిద్ర పట్టనప్పుడల్లా కోరుకునేది.